ఏఆర్ఎం64లో లోడ్ బ్యారియర్: ఫీల్డ్‌ను సరిదిద్దే సీఏఎస్‌కు రిలీజ్ తప్పనిసరా?

జెడ్‌జీసీ (జావాలోని ఒక గార్బేజ్ కలెక్టర్) తరహా రంగు పాయింటర్లతో (స్థితిని తెలిపే బిట్లను తమలోనే మోసే చిరునామాలతో) కంకరెంట్ కలెక్టర్, అంటే ప్రోగ్రామ్ నడుస్తుండగానే మెమరీని శుభ్రం చేసేది, రాస్తున్నాం. రిఫరెన్స్ చదివిన ప్రతిచోటా ఒక టెస్టు, ఒక బ్రాంచ్ (ఇదే లోడ్ బ్యారియర్); రంగు బాగుంటే ఫాస్ట్ పాత్, చెడ్డదైతేనే స్లో పాత్. అక్కడ ఆబ్జెక్ట్ ఇంకా కదలకపోతే కాపీ చేసి, కొత్త చిరునామాను రిలీజ్ సీఏఎస్‌తో (సీఏఎస్ అంటే పాత విలువ మారకపోతేనే కొత్తది రాసే అటామిక్ సూచన; రిలీజ్ అంటే ముందటి రాతలు దీనికన్నా ముందే కనబడాలనే నియమం) ఫార్వర్డింగ్ టేబుల్‌లో (పాత చిరునామాకు కొత్తది చూపే పట్టికలో) పెడతాం. ఈ సీఏఎస్‌లో ఓడిన థ్రెడ్ తన కాపీని వదిలేసి, టేబుల్‌లో ఉన్న చిరునామాను అక్వైర్‌తో (తర్వాతి చదువులు, రాతలు దీన్ని దాటి ముందుకు రాకుండా) చదువుతుంది. చివరగా హీప్‌లోని ఫీల్డ్‌ను మరో సీఏఎస్‌తో సరిదిద్దుతాం. ఇది మాత్రం రిలాక్స్‌డ్, అంటే క్రమ నియమం ఏదీ లేనిది.

ఎక్స్86 ప్రాసెసర్లలో అంతా బాగుంది. ఏఆర్ఎం64లో మాత్రం అరుదుగా, ఫాస్ట్ పాత్‌లో వెళ్లిన వేరే థ్రెడ్‌కు హెడర్ (ఆబ్జెక్ట్ మొదట్లో దాని గురించి ఉండే సమాచారం) సున్నాగా ఉన్న ఆబ్జెక్ట్ కనబడుతోంది. లోడ్‌కూ బ్యారియర్‌కూ మధ్య సేఫ్‌పాయింట్ (కలెక్టర్ కోసం థ్రెడ్ ఆగగల చోటు) దూరడం లేదని అసెంబ్లీలో చూశాం, కాబట్టి దయచేసి అది వదిలేయండి.

నా అనుమానం ఇది. టేబుల్ సీఏఎస్‌లోని రిలీజ్ తనకు ముందున్న రాతలు తన తర్వాతకు జారకుండా మాత్రమే ఆపుతుంది. తర్వాత వచ్చే ఫీల్డ్ రాత దాన్ని దాటి, కాపీ రాతల కన్నా ముందే బయటికి కనబడవచ్చు. అంటే తప్పు కాపీ చేసి గెలిచిన థ్రెడ్ దారిలోనే ఉండాలి. ఓడిన థ్రెడ్‌కు అక్వైర్ ఉంది కనుక అక్కడ ఇబ్బంది లేదనుకుంటున్నాను.

ఫీల్డ్ సీఏఎస్‌కూ రిలీజ్ పెట్టాలా, లేక కాపీ అయ్యాక ఒక్క డీఎంబీ ఐఎస్‌హెచ్‌ఎస్‌టీ (ముందటి రాతలను తర్వాతి రాతలకన్నా ముందు ఉంచే ఏఆర్ఎం సూచన) పెడితే టేబుల్, ఫీల్డ్ రెండు ప్రచురణలకూ సరిపోతుందా? కాపీ జరిగినప్పుడే ఖర్చు పడుతుంది కాబట్టి నాకు రెండోదే నచ్చుతోంది. అలాగే ఫాస్ట్ పాత్‌లో చదివేవారికి అడ్రస్ డిపెండెన్సీ (చదివిన విలువనే తర్వాతి చదువుకు చిరునామాగా వాడటం) సరిపోతుందా, ఎల్‌డీఏఆర్ (అక్వైర్ లోడ్ సూచన) అవసరమా? ప్రతి లోడ్‌కూ ఆ భారం వేయడం మాకు కుదరదు. ఏఆర్ఎం మెమరీ మోడల్ తెలిసినవారు నా తర్కంలో తప్పుంటే చూపించండి.