పోచంపల్లికి జీఐ వచ్చి ఇరవై ఏళ్లు: నేతగాడి చేతికి ఏమొచ్చింది?

కొత్తకోక (చర్చ మొదలుపెట్టినవారు)
పోయిన నెల ఆడపడుచు పెళ్లికని హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపులో చీర కొన్నాను. ‘పోచంపల్లి పట్టు’ అని బోర్డు, పదకొండు వేలు. సిల్క్ మార్క్ ట్యాగ్ ఉంది కదా అని ధీమా. ఇంటికొచ్చాక మా అత్తగారు కొంగు తిరగేసి చూసి, "ఇది అచ్చు వేసిన చీరమ్మా" అన్నారు. నిజమే, వెనక వైపు రంగు వెలిసినట్టుంది. పోచంపల్లి ఇక్కత్‌కు (నేయకముందే దారానికి రంగు వేసి బొమ్మ తీర్చే నేత) 2005లోనే జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకే ఆ పేరుతో అమ్మాలనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఇప్పటికీ మనం మోసపోతుంటే అదెందుకు? ప్రభుత్వాలు ఫొటోలు దిగడానికే అని నా అభిప్రాయం. కాదనేవాళ్లు చెప్పండి.

ప్లీడరు_భువనగిరి
కాదంటాను. ముందు ఒక మాట. సిల్క్ మార్క్ చెప్పేది దారం అసలు పట్టు అని మాత్రమే. ఎక్కడ నేశారో, ఎలా నేశారో దానికి అక్కర్లేదు. పట్టు గుడ్డ మీద ఇక్కత్ డిజైను అచ్చేసినా ఆ ట్యాగ్ వస్తుంది.

ఇక జీఐ. 1999 చట్టం, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. పోచంపల్లిది కాని సరుకును ఆ పేరుతో అమ్మితే అది నేరం కూడా: ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. సివిల్ దావా వేయడానికి ఢిల్లీ వెళ్లక్కర్లేదు, జిల్లా కోర్టు చాలు. జీఐ తీసుకున్న సంఘమే కాదు, అధీకృత వినియోగదారుగా (అంటే ఆ పేరు వాడుకునే హక్కున్నవాడిగా) నమోదైన ఒక్క నేతగాడు కూడా వేయొచ్చు. 2020లో ఆ నమోదు ఫీజును 500 నుంచి 10 రూపాయలకు దించారు. చట్టంలో లోటు లేదు, వాడేవాళ్లే లేరు. మీ బిల్లు మీద ఏమని రాశారు?

కొత్తకోక
ఇప్పుడే తీసి చూశాను. ‘ఫ్యాన్సీ సిల్క్ శారీ’ అని ఉంది!

మిర్చిబజ్జీ
బోర్డు మీద పోచంపల్లి, బిల్లు మీద ఫ్యాన్సీ. ప్లీడరు గారి కంటే షాపువాడికే చట్టం బాగా తెలిసినట్టుంది.

ఆసుపోసిన_చెయ్యి
మాది నేత ఇల్లే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ప్లీడరు గారూ, పది రూపాయలు మాకు భారం కాదు. భారమంతా వాయిదాలది. నేను కోర్టుకెళ్లిన రోజు మగ్గం ఆగుతుంది. ఎదుటివాడికి జీతానికి పెట్టుకున్న వకీలు ఉంటాడు.

అసలు కష్టం ఇంకో చోట ఉంది. మా అమ్మ మేకుల చుట్టూ చెయ్యి తిప్పుతూ దారం చుట్టేది, దాన్నే ఆసు పోయడం అంటాం, రాత్రికి భుజం లేచేది కాదు. (ఆ బాధ చూసే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది.) తర్వాత సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో దారాన్ని గీతల ప్రకారం కట్టాలి. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకో రంగుకు మళ్లీ కట్టాలి. మగ్గమెక్కక ముందే బొమ్మ దారంలో ఉంటుంది. అందుకే అసలు చీరకు రెండు వైపులా ఒకే రంగు, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అంచు కత్తిరించినట్టుంటే అనుమానించండి.

అచ్చు వేసేవాడు ఈ పనంతా దాటేసి బొమ్మ ఒక్కటి ఎత్తుకుపోతాడు. ‘పోచంపల్లి’ అనడు, ‘ఇక్కత్ ప్రింట్’ అంటాడు. అప్పుడు మీ జీఐ ఏం చేస్తుంది?

ప్లీడరు_భువనగిరి
సూటి ప్రశ్న. ఒప్పుకుంటాను, జీఐ కాపాడేది ప్రధానంగా పేరునే. 22వ సెక్షన్‌లో సరుకును చూపించే తీరు గురించి కూడా ఉంది కాబట్టి, డిజైను చూసి జనం పోచంపల్లిదని భ్రమపడుతున్నారని వాదించొచ్చు. గెలుస్తామని మాత్రం హామీ ఇవ్వలేను. డార్జిలింగ్ టీ సంగతే చూడండి. దేశంలో మొదటి జీఐ అది, వెనక టీ బోర్డు అంత సంస్థ ఉంది. కోల్‌కతాలో ఒక హోటల్ తన లౌంజ్‌కు ‘డార్జిలింగ్ లౌంజ్’ అని పేరు పెట్టుకుంటే దావా వేసి 2019లో ఓడిపోయింది. జీఐ సరుకుకే, లౌంజ్‌కు కాదన్నారు.

మిర్చిబజ్జీ
మరి 1985 చేనేత రిజర్వేషన్ చట్టం? పదకొండు రకాల బట్టలు చేతిమగ్గం మీదే నేయాలంటుందిగా.

ఆసుపోసిన_చెయ్యి
అది పవర్‌లూమ్ నేతను ఆపడానికి. అచ్చు అద్దడం నేత కాదు కదన్నా. రెండు చట్టాల మధ్య సందులోంచి లారీలు పోతున్నాయి.

డాలస్_తమ్ముడు
ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2025 జూన్‌లో మిలాన్ షోలో అచ్చం కొల్హాపురి చెప్పులే చూపించారు. వాటికీ జీఐ ఉంది. లాయర్లు బొంబాయి హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేస్తే జులైలో కొట్టేశారు, హక్కుదారులే రావాలన్నట్టు. కానీ సోషల్ మీడియాలో గొడవయ్యాక ఆ కంపెనీయే దిగొచ్చి, ఆ చెప్పుల మూలం భారతీయ చేతివృత్తులే అని ఒప్పుకుంది. కోర్టు కంటే పరువు భయం ఎక్కువ పని చేసింది.

ప్లీడరు_భువనగిరి
తమ్ముడూ, ఆ గొడవకు పట్టు దొరికిందే జీఐ ఉండటం వల్ల. పైగా మన జీఐ మన దేశంలోనే చెల్లుతుంది. యూరప్‌లో 2025 డిసెంబరు 1 నుంచి చేతివృత్తుల వస్తువులకూ జీఐ ఇచ్చే కొత్త చట్టం అమలవుతోంది, బయటి దేశాలవాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు. మన సంఘాలు ఇప్పుడే కదలాలి.

ఆసుపోసిన_చెయ్యి
ముందు ఆ షాపు బోర్డు దింపించండి సార్, యూరప్ తర్వాత చూద్దాం.

ప్లీడరు_భువనగిరి
సరే, అక్కడి నుంచే మొదలుపెడదాం. కొత్తకోక గారూ, బోర్డు ఫొటో, బిల్లు, చీర మూడూ ఉంటే ఒక నోటీసు ఉచితంగా రాసిస్తాను. ఫొటో తీశారా?

కొత్తకోక
తీయలేదండీ. ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. జీఐ దండగన్న నా మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు, నోటీసుకు జవాబొచ్చాక చూద్దాం.

ఆసుపోసిన_చెయ్యి
వెళ్లేటప్పుడు మీ అత్తగారిని వెంట తీసుకెళ్లండి అక్కా.