మా కడప వేసవి శిబిరానికి ఎవరి డబ్బు తీసుకోవాలి?

తెలుగు మాస్టరు, కడప

అందరికీ నమస్కారం. సర్కారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. కొన్నేళ్ళుగా మే నెలలో మా పేటలోని మునిసిపల్ స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఒక శిబిరం నడుపుతున్నాం. హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు, క్రైస్తవుల పిల్లలు కలిసి వస్తారు. పొద్దున ఏడున్నర నుంచి పదిన్నర దాకానే. ఆ తర్వాత కడప ఎండలో ఎవరినైనా కూర్చోబెట్టడం పాపం.

ఉపన్యాసాలు ఉండవు. ఒక రోజు దేవుని కడప, ఒక రోజు పెద్ద దర్గా, ఒక రోజు మరియాపురం చర్చి. ఎక్కడికి పోతే అక్కడి పిల్లలే మిగతావాళ్ళకు చూపించాలి, పెద్దవాళ్ళం నోరు విప్పకూడదు. ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికి వస్తారని, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు కాబట్టి వెంకటేశ్వరస్వామి తమ అల్లుడని అంటారని మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఏటా టీవీలో చూపిస్తారు కూడా. కానీ, కొబ్బరికాయ పట్టుకుని ఆ వరుసలో నిలబడే అవ్వ మనవరాలు ధ్వజస్తంభం దగ్గర నిలబడి "మా జేజి ఇక్కడే నిల్చుంటుంది" అని చెబితే పిల్లలు వినే తీరే వేరు.

అన్నిటికంటే బాగా నడిచేది బిస్కెట్ డబ్బా. ఎదుటి మతం గురించి అడగాలని ఉండి అడగలేని ప్రశ్నను చీటీ మీద పేరు రాయకుండా రాసి అందులో వేస్తారు. "చర్చిలో అంత గట్టిగా ఎందుకు ఏడుస్తారు?" "మీ దేవుళ్ళు అంతమంది గదా, పరీక్షలప్పుడు ఎవరికి మొక్కుకోవాలో ఎట్లా తెలుస్తుంది?" "బురఖాలో ఉక్క పోయదా?" మూడోది చదివినప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. నాకు టెన్షన్. ఒక అమ్మాయి లేచి, "పోస్తుంది. మీకు స్కూల్ టై కడితే పోయదా?" అంది. అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా నవ్వింది.

తిండి దగ్గర మాత్రం చిక్కొచ్చింది. ఎవరింటి వంట వాళ్ళు తెస్తే కొందరు తల్లులు "అక్కడేమీ తినొద్దు" అని చెప్పి పంపేవాళ్ళు. పిల్లలు మొహమాటపడేవాళ్ళు. అందుకని పొయ్యి మీద వండినదేదీ వద్దన్నాం. మామిడిపళ్ళు, ఖర్బూజా, మజ్జిగ. వాటికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇప్పటిదాకా ఖర్చు నా పెన్షన్లోంచి, ఇంకో ఇద్దరు మిత్రుల జేబుల్లోంచి వెళ్ళింది. ఒకాయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు, ఇంకొకాయనకు టైలర్ షాపు ఉంది. నిరుడు లక్షా పదివేలయింది. అందులో ఎక్కువ భాగం ఆటోలకు, పిల్లల్ని చూసుకునే ఇద్దరు డిగ్రీ విద్యార్థుల జీతానికి పోయింది. ఈసారి పిల్లలు రెట్టింపు వచ్చేటట్టున్నారు. శిబిరం అయ్యాక నెలకో ఆదివారం కలుద్దామని వాళ్ళే అడుగుతున్నారు. రెండున్నర లక్షలు లేనిదే జరగదు.

డబ్బు ఇస్తామనేవాళ్ళు లేక కాదు. ప్లాట్ల వ్యాపారం చేసే ఒకాయన రెండు లక్షలు ఇస్తానన్నాడు. స్కూలు గేటుకు తన ఫ్లెక్సీ కట్టాలి, చివరి రోజు తన చేతుల మీదుగా బహుమతులు ఇప్పించాలి. వార్డులో పోటీ చేస్తాడని వినికిడి. ఒక ప్రార్థనా మందిరం పెద్దలు మొత్తం ఖర్చు మాదే అన్నారు, మంచి మనసుతోనే. ఏ మతమో చెప్పను, ఏదైనా ఇబ్బంది ఒకటే. డబ్బంతా ఒకరిదని తెలిసిన మర్నాడు మిగతా రెండు వైపులా తల్లిదండ్రులు పిల్లల్ని పంపడం మానేస్తారు. ఇక డాలస్‌లో ఉన్న మా బావమరిది, "బావా, నేనూ నా ఫ్రెండ్సూ కలిసి పంపిస్తాం" అంటున్నాడు.

మాకు సంస్థ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. డబ్బు నా సేవింగ్స్ ఖాతాలోనే తిరుగుతోంది. ఎవరి దగ్గర తీసుకోవచ్చు, ఎవరి దగ్గర తీసుకోకూడదు? ఇలాంటి పని చేసినవాళ్ళు చెప్పండి.

విజయవాడ ఆడిటర్

మాస్టరు గారూ, ముందు మీ సొంత ఖాతాలోంచి ఆ డబ్బు బయటికి తీయండి. మీ మీద అనుమానంతో అనడం లేదు. రేపు ఎవరైనా లెక్క అడిగితే మీ పెన్షన్ ఏది, చందా ఏది అని విడదీసి చూపించలేరు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ ఏడుగురిలో మూడు మతాలవాళ్ళూ ఉండేలా చూసుకోండి. చట్టం అడగదు గానీ మీ ఊరు అడుగుతుంది.

తర్వాత ఆదాయపన్ను శాఖ దగ్గర 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (మీకిచ్చే దాతలకు పన్ను మినహాయింపు) తెచ్చుకోండి. ముందు మూడేళ్ళకు తాత్కాలికంగా ఇస్తారు. ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఒక్క మతంవారి మేలు కోసమే పెట్టిన సంస్థకు 80జి రాదు. మతపరమైన ఖర్చు మొత్తం ఆదాయంలో 5 శాతం దాటినా చిక్కే. మీది అందరికీ తెరిచిన చదువు కార్యక్రమం కాబట్టి నియమావళిలో ఉద్దేశాలు అలాగే రాయండి. "సర్వమత ప్రార్థనలు నిర్వహించుట" లాంటి వాక్యాలు వినసొంపుగా ఉంటాయి, కానీ ఫైలు చూసే ఆఫీసరుకు అవి ప్రశ్నలు పుట్టిస్తాయి. దాతలకు ఒక మాట: 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి 80జి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఆ మినహాయింపే లేదు. కాబట్టి చిన్న చిన్న ఉద్యోగులు మీకిచ్చేది పన్ను మిగులుతుందని కాదు, మీ మీద నమ్మకంతో.

మీ బావమరిది సంగతి. ఆయనది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టేనా? గ్రీన్ కార్డు ఉన్నా ఫరవాలేదు, భారత పౌరుడైతే తన సొంత డబ్బు మామూలుగా బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే వస్తుంది, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే. ఫ్రెండ్స్ అందరి డబ్బూ తన ఖాతాలో పోగేసి పంపొద్దని గట్టిగా చెప్పండి. విదేశీ విరాళాలకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సంస్థ కనీసం మూడేళ్ళు నడిచి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు అసలు పని మీద ఖర్చుపెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఇంకో సంస్థ తీసుకుని మీకు మళ్ళించే దారి కూడా అప్పుడే మూసేశారు. మజ్జిగకు, ఆటోలకు ఇంత తతంగం అవసరం లేదు.

సీఎస్ఆర్ ఉద్యోగిని, హైదరాబాద్

సార్, ఎవరో ఒకరు "కంపెనీల సీఎస్ఆర్ (సమాజసేవకు కంపెనీలు ఇచ్చే డబ్బు) అడగండి" అంటారు కాబట్టి నేనే ముందు చెప్పేస్తున్నా. ఈ ఏడు కుదరదు. 12ఎ, 80జి రెండూ ఉండాలి, ఇలాంటి పనిలో మూడేళ్ళ అనుభవం చూపించాలి, కేంద్రం దగ్గర సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో ఆకలి, చదువు, పర్యావరణం, కళలు, క్రీడలు అని పద్దులుంటాయి. మత సామరస్యం అనే పద్దు లేదు. ఎప్పుడు అడిగినా చదువు కింద అడగండి.

ఇంకో సంగతి లోపలి మనిషిగా చెబుతున్నా. మా మీటింగుల్లో మొదట అడిగేది "ఎంతమంది పిల్లలు?" అనే. కంప్యూటర్లు, బెంచీలు లెక్కపెట్టడం తేలిక. మీ బిస్కెట్ డబ్బాను ఏ గడిలో నింపాలో మా ఎక్సెల్ షీటుకు తెలియదు. అందుకే ఇప్పటి నుంచే ఒక రిజిస్టరు పెట్టండి. ఏ స్కూలు, నిరుడు వచ్చినవాళ్ళలో ఈసారి ఎవరు మళ్ళీ వచ్చారు, ఎవరు తమ్ముణ్ణో చెల్లినో వెంట తెచ్చారు. చీటీలు పారేయొద్దు. మూడేళ్ళ తర్వాత ఏ కంపెనీ గడప ఎక్కినా మీ చేతిలో ఉండే గట్టి కాగితాలు అవే.

ఫ్లెక్సీ ఆయన డబ్బు మాత్రం వద్దు సార్.

నార్పల కుర్రోడు

మాస్టరూ, మాది అనంతపురం జిల్లా, గూగూడు దగ్గర పల్లె. కుళ్ళాయిస్వామి పీర్ల పండుగకు మా చుట్టుపక్కల జనం ఎట్లా కదులుతారో మీకు చెప్పాల్సిన పనిలేదు. మా క్లాసులో ముగ్గురు కుళ్ళాయప్పలు ఉండేవాళ్ళు, ముగ్గురూ హిందువులే. మా ఊరి పీర్ల చావిడికి ఒక్కరి దగ్గరే పెద్ద చందా తీసుకోరు. గుండానికి కట్టెలు ఇంటింటికీ వస్తాయి. చక్కెర చదివింపులకు ఎవరి చక్కెర వాళ్ళు తెచ్చుకుంటారు. ఉన్నోడు బండెడు కట్టెలేస్తాడు, లేనోడు చంకలో పట్టినంత. పండుగయినాక చావిడి ముందర కూర్చుని జమాఖర్చు గట్టిగా చదువుతారు. కిరోసిన్ ఎంత, డప్పులోళ్ళకు ఎంత అని. ఒక యేడు టీ ఖర్చు ఎక్కువైందని మా పెదనాయన గంటసేపు కొట్లాడినాడు.

మీరు కూడా పేటలో ఇంటికి వంద, రెండొందలు అడగండి. రెండున్నర లక్షలూ రావు. అయితే వంద ఇచ్చినోడు పిల్లోణ్ణి పంపకుండా ఉంటాడా?

సూటిగా మాట్లాడేవాణ్ణి

ఎవరూ ఏమీ అనుకోవద్దు. వినాయక చవితి, మిలాదున్నబీ దగ్గరికొస్తే పోలీసులు శాంతి కమిటీ మీటింగు పెడతారు. పెద్దలు చేతులు కలిపి ఫొటో దిగుతారు. రాత్రికి అదే పెద్దల వాట్సాప్ గ్రూపుల్లో ఏం తిరుగుతుందో చూశాను. డబ్బు పోసి స్నేహం తయారు చేయగలరా? రొట్టెల పండుగకు నెల్లూరు స్వర్ణాల చెరువులో ఎవరో తెలియనివాళ్ళ దగ్గర చదువు రొట్టె, పెళ్ళి రొట్టె తీసుకుని తింటున్నారు. దానికి ఎవరు ఫండింగ్ ఇచ్చారు? జనానికి మనసుంటే చేస్తారు, లేకుంటే లేదు.

తెలుగు మాస్టరు, కడప

అందరికీ ధన్యవాదాలు. ఆఖరాయనకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో మా ఆవిడ కూడా ఇదే అడిగింది.

ఆ చెరువు పక్కనున్న బారా షహీద్ దర్గాకు నేనూ వెళ్ళాను. మీరన్నట్టు రొట్టెకు ఎవరి డబ్బూ అక్కర్లేదు. కానీ చెరువు గట్టు మీదికి అంతమంది చేరితే తాగునీళ్ళు, మరుగుదొడ్లు, ఆడవాళ్ళు తడిబట్టలు మార్చుకునే గదులు, లైట్లు, బస్సులు కావాలి. 2015లో ఆ రొట్టెల పండుగను రాష్ట్ర పండుగ చేశారు. కార్పొరేషను, జిల్లా యంత్రాంగం చూసుకునేవి ఇవే. మేమూ స్నేహానికి డబ్బు అడగడం లేదు స్వామీ, ఆటోలకు అడుగుతున్నాం. ఆటో లేకపోతే మా పేట పిల్ల మరియాపురం దాకా రాదు, వాళ్ళ నాన్న పంపడు. శాంతి కమిటీలో కూర్చునేవాళ్ళకు అరవై ఏళ్ళుంటాయి, వాళ్ళను మార్చే ఓపిక నాకు లేదు. నా దగ్గరికొచ్చేవాళ్ళకు పదమూడేళ్ళు. వాళ్ళు నిజంగా మారారా అంటే కొలత చూపించలేను. నిరుటి పిల్లల్లో ఒక ముస్లిం అమ్మాయి, ఒక కోమట్ల అమ్మాయి ఇప్పుడు లెక్కల ట్యూషన్‌కు ఒకే స్కూటీ మీద పోతున్నారు. స్కూటీ వాళ్ళిద్దరిలో ఒకరి అమ్మది. వీళ్ళకింకా లైసెన్సు వయసు రాలేదు కాబట్టి ఆవిడే నడుపుతుంది. ఇద్దరినీ వెనక ఎక్కించుకుంటుంది, అది వేరే తప్పు.

ఆడిటర్ గారూ, మా బావమరిదికి నిరుడే అక్కడి పౌరసత్వం వచ్చింది. మీరు రాసింది అలాగే పంపించాను. "సరే, ఇండియాలో ఉన్న మా అమ్మ పెన్షన్‌లోంచి ఇప్పిస్తా" అన్నాడు. మా అత్తగారికి ఇప్పుడు ఎనభై రెండు. నేరుగా అడిగితే ఎలాగూ ఇస్తుంది, మధ్యలో వీడెందుకు?

ప్రార్థనా మందిరం పెద్దల దగ్గరికి వెళ్ళి మాట్లాడాను. మూడు వైపుల నుంచీ సమానంగా అయితేనే తీసుకుంటాం, తలా ఇరవై వేలు, అంతకు మించి వద్దన్నాను. కొంచెం నొచ్చుకున్నారు గానీ ఒప్పుకున్నారు. మిగతా రెండు చోట్లా అడుగుతున్నాం. ఒక చోట "కమిటీలో పెడతాం" అన్నారు. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో అల్లాకే ఎరుక అని మా టైలర్ భాయ్ నవ్వాడు. అంటే ఆ చోటు ఏదో మీకు తెలిసిపోయింది, ఇక దాచి లాభం లేదు.

పేటలో చందా మొదలుపెట్టాం. నార్పల తమ్ముడు చెప్పినట్టే ఖర్చు కాగితం స్కూలు గోడకు అంటిస్తాం. ఏడుగురి పేర్లూ దాదాపు కుదిరాయి. అందులో ఇద్దరు తల్లులు కూడా ఉన్నారు. వాళ్ళు రాగానే మొదటి మీటింగులోనే డిగ్రీ పిల్లల జీతం పెంచాలని పట్టుబట్టారు.

ప్లాట్లాయన మళ్ళీ వచ్చాడు. ఫ్లెక్సీ ఉండదు, బహుమతులు పిల్లలే ఒకరికొకరు ఇచ్చుకుంటారు, కావాలంటే ఆటోల ఖర్చు మీరు భరించండి, రసీదు ఇస్తామని చెప్పాను. "రసీదు ఎవరికి కనపడుతుంది మాస్టరూ?" అన్నాడు. గోడ మీద కాగితంలో అందరితోపాటు మీ పేరూ ఉంటుందన్నాను. ఎంత సైజులో అని అడిగాడు. అందరి సైజులోనే. ఆలోచించి చెప్తానన్నాడు, ఇంకా ఫోన్ రాలేదు.

ఆయన కోసం ఆగితే పని జరగదు. మే నెలంతా పెళ్ళిళ్ళే, ఆటోలు దొరకవు. ఈ ఆదివారమే స్టాండుకు వెళ్ళి ఆరు బళ్ళు మాట్లాడి అడ్వాన్సు ఇచ్చేస్తాం.