ఫ్రాగ్ మార్టన్‌కు దగ్గరగా వచ్చే పైపు పొగాకు ఏది?

ప్రశ్న:
కాన్సస్ సిటీలోని మెక్‌క్లెలాండ్ సంస్థ 2018లో మూతపడినప్పుడు దాచుకున్న ఫ్రాగ్ మార్టన్ డబ్బాలు అయిపోవచ్చాయి. లటాకియా (పొగ పట్టించిన ఆకు) పొగవాసన మెత్తగా తగులుతూ, దాని కింద వర్జీనియా ఆకు తీపి చివరిదాకా నిలిచే మిశ్రమం అది. ప్రత్యామ్నాయాలని చెప్పినవాటిలో లటాకియా మిగతా ఆకులను మింగేస్తోంది. తయారుగా దొరికేవాటిలో వెతకడం మంచిదా, విడి ఆకులు కొని కలుపుకోవడం మంచిదా?

జవాబు:
కలుపుకోవడమే మంచిదండి, అయితే అచ్చంగా అదే రుచి రాదు. లటాకియాతో ఇబ్బంది లేదు. పొగ పట్టించి ఆరబెట్టిన సైప్రస్ ఆకు విడిగా దొరుకుతుంది. చిక్కంతా వర్జీనియాతోనే. బ్యారన్‌లో (పొగాకు ఆరబెట్టే గదిలో) వేడికి ఆరిన ఆకు కనుక ఏ వర్జీనియాలోనైనా చక్కెర ఉంటుంది గానీ, డబ్బా మూత తీయగానే మెక్‌క్లెలాండ్ వర్జీనియాల నుంచి వచ్చే ఆ వెనిగర్ లాంటి పుల్లని వాసన (టమాటా సాస్ అని వెక్కిరించినవారూ ఉన్నారు) మరొకరి ఆకులో నాకు తగల్లేదు. అందుచేత వాసనను వదిలేసి రుచిని పట్టుకోండి. పది గ్రాములకు ఆరు గ్రాముల ఎర్ర వర్జీనియా, రెండు గ్రాముల పరిమళం కలపని బ్లాక్ కావెండిష్, రెండు గ్రాముల లటాకియా తూచి కలపండి. ఆవిరిలో మగ్గిన కావెండిష్ పొగను మెత్తబరుస్తుంది. గాజు సీసాలో బిగించి కనీసం రెండు వారాలు ఉంచాకే రుచి చూడండి. కలిపిన రోజున ఏ ఆకు రుచి దానిదే.

మరో జవాబు:
పై పాళ్లలో ఒక గ్రాము వర్జీనియా తగ్గించి ఓరియెంటల్ ఆకు (ఎండలో ఆరబెట్టే టర్కీ రకం) వేస్తే లటాకియాకూ తీపికీ పొత్తు కుదురుతుందని నా అభిప్రాయం. పెరీక్ వేయమని ఎవరో ఒకరు తప్పక చెబుతారు, వినకండి; పీపాల్లో ఒత్తిడి కింద పులిసిన ఆ లూసియానా ఆకు మిరియపు ఘాటు ఈ మిశ్రమానికి పరాయిది. ఇది చదివే ఇతరులకు ఒక మాట: ఆగిపోయిందనుకున్న ప్రతిదీ ఆగిపోయినట్టు కాదు. డన్‌హిల్ పేరుతో వచ్చిన నైట్‌క్యాప్, ఎర్లీ మార్నింగ్ పైప్ మిశ్రమాలు ఇప్పుడు పీటర్సన్ పేరుతో వస్తున్నాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నా దగ్గరున్న వర్జీనియా బాగా ఎండిపోయింది, లటాకియా తడిగా ఉంది. అలాగే కలపవచ్చా?

జవాబు:
వద్దండి. ముందు రెండింటినీ ఒకే పదునుకు తెచ్చి, ఆ తర్వాతే తూచండి. తడి ఆకు బరువు ఎక్కువ చూపి పాళ్లు తప్పుతాయి.