డెస్టిన్‌లో లోతు సముద్రపు చేపల వేట: పసిపాపతో కలిపి ఏడుగురికి ఏ పడవ తీసుకోవాలి?

అట్లాంటా గృహిణి:
అందరికీ నమస్కారం. జూన్ రెండో వారంలో మేము ఫ్లోరిడాలోని డెస్టిన్‌కు నాలుగు రోజులు వెళ్తున్నాము. అందులో ఒక రోజు పడవ అద్దెకు తీసుకుని, ఒడ్డు కనిపించనంత దూరం వెళ్లి గాలం వేయాలని మా నాన్నగారి కోరిక. చిన్నతనంలో కాలువ గట్టున కూర్చుని కొరమేనులు పట్టిన మనిషి ఆయన. సముద్రంలో మాత్రం ఎన్నడూ వేటాడలేదు. అమ్మ, నాన్న, మేమిద్దరం, మా తమ్ముడు, తొమ్మిదేళ్ల బాబు, ఏడాదిన్నర పాప కలిపి మొత్తం ఏడుగురం. మేము చూసిన పడవల్లో చాలావాటికి ఆరుగురే పరిమితి అని రాసి ఉంది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే ఒప్పుకుంటారా? నాలుగు, ఆరు, ఎనిమిది గంటల ప్రయాణాల్లో మాకు ఏది తగినది? నాన్నగారికి తిరుమల ఘాట్ రోడ్డులోనే కడుపులో తిప్పుతుంది. పైగా ఆయనకు నీరుకాసుల (గ్లాకోమా) సమస్య ఉంది. చెవి వెనుక అంటించుకునే పట్టీ బాగా పనిచేస్తుందని ఎవరో చెప్పారు; వాడవచ్చా? అమ్మ శాకాహారి. ఆవిడకు అక్కడ తోచుతుందో లేదోనని మరో బెంగ.

ఉప్పుటేరు:
పాప విషయంలో ఒప్పుకోరండి, ఒప్పుకోకూడదు కూడా. కోస్ట్ గార్డ్ తనిఖీ ధ్రువపత్రం లేని చిన్న పడవ డబ్బు తీసుకుని ఆరుగురికి మించి ఎక్కించుకోవడానికి వీల్లేదు, ఆ లెక్కలో ఒళ్లో పాప కూడా ఒక మనిషే. తనిఖీ పొందిన పెద్ద పడవలు డెస్టిన్ రేవులో ఉన్నాయి, అద్దె మాత్రం ఎక్కువ. టికెట్టుకు ఒక్కరి చొప్పున ఎక్కించుకునే పార్టీ బోట్లు చవక, ఊగడం కూడా తక్కువే. అయితే రెయిలింగ్ పొడవునా జనం భుజానికి భుజం తగిలేలా నిలబడతారు, దారాలు చిక్కుపడతాయి, ఎండ మండిపోతున్నా పడవ మీ కోసం వెనక్కి తిరగదు. మీ పరిస్థితిలో చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. కుటుంబంతో వెళ్లేవారు చేపను బట్టి కాక, అందరిలోకీ ఓపిక తక్కువైన మనిషిని బట్టి గంటలు ఎంచుకోవాలని ఏడెనిమిది సార్లు వెళ్లివచ్చాక నాకు ఏర్పడిన అభిప్రాయం. కనుక మీకు నాలుగు గంటలు చాలు.

డెస్టిన్‌కు ఉన్న పేరంతా లోతు దగ్గరగా ఉండటం వల్ల వచ్చింది. రేవు నుంచి సముద్రంలోకి వెళ్లే దారి ఈస్ట్ పాస్ దాటాక 10 మైళ్ల లోపే 100 అడుగుల లోతు వస్తుంది. ఇతర తీరాల్లో గంటల తరబడి ప్రయాణిస్తే గానీ దొరకని నీరు ఇక్కడ కొద్దిసేపటికే దొరుకుతుంది. అక్కడివాళ్లు మింగో అని పిలిచే చిన్న ఎర్ర చేపలు నాలుగు గంటల ప్రయాణంలోనూ పడతాయి. అద్దె పడవలకు ఒడ్డుకు దూరంగా ఉండే ఫెడరల్ ప్రభుత్వ జలాల్లో రెడ్ స్నాపర్ అనే చేప వేట జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మీరు సరైన సమయానికే వెళ్తున్నారు. మనిషికి రెండు చేపలే ఉంచుకోవాలి, అవి 16 అంగుళాలకు తగ్గకూడదు. చేపల లైసెన్సు గురించి ఆందోళన అక్కర్లేదు, ఫ్లోరిడాలో అద్దె పడవ లైసెన్సే ప్రయాణికులకూ వర్తిస్తుంది.

బాబుకు ఒక్క సంగతి ముందే నేర్పండి. చేప కొరికిందని తెలియగానే కడ్డీని పైకి గుంజకూడదు. అక్కడ వాడేది కొన లోపలికి తిరిగిన గుండ్రని గాలం. మెల్లగా చుట్టుకుంటూ పోతే అది తనంతట తానే చేప నోటి మూలలో దిగుతుంది, గుంజితే జారిపోతుంది. మా అబ్బాయి మొదటి మూడు చేపలనూ అలాగే పోగొట్టుకుని, సంధ్యావందనానికి కూర్చున్నవాడిలా మౌనంగా అయిపోయాడు.

బయానా కట్టేముందు రద్దు షరతులు రాతపూర్వకంగా తీసుకోండి. వాతావరణం బాగాలేదని కెప్టెన్ రద్దు చేస్తే డబ్బు తిరిగి రావడం మామూలే. మనకు వాంతులై మధ్యలో వెనక్కి తిప్పమంటే పైసా రాదు. ఒకసారి ఇది అడగకుండా వెళ్లి రెండో గంటకే తిరిగొచ్చాము, పూర్తి అద్దె ఇచ్చుకున్నాము. పడవ మీద సాయం చేసే మేట్‌కు అద్దెలో 15 నుంచి 20 శాతం ఇవ్వడం ఆనవాయితీ, దాన్ని ఖర్చులో ముందే కలుపుకోండి.

మందుల చీటీ:
ఆ పట్టీ గురించి మాత్రమే చెప్తాను. అందులో ఉండేది స్కోపోలమిన్. నీరుకాసుల్లో కంటి కోణం మూసుకుపోయే రకం ఉన్నవారు దాన్ని అసలు వాడకూడదు. పెద్ద వయసువారికి మగతా, అయోమయం కూడా కలగవచ్చు. నీరుకాసుల్లో ఏ రకమో మీ నాన్నగారి కంటి వైద్యుణ్ణి అడగండి. దుకాణంలో చీటీ లేకుండా దొరికే మాత్రల్లోనూ కొన్ని కంటి ఒత్తిడిపై ప్రభావం చూపుతాయి, అందువల్ల వాటినీ అడిగాకే కొనండి. ఏ మందైనా తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం తక్కువ. ఆయన్ను పడవ వెనుక భాగంలో, డీజిల్ పొగ తగలనిచోట, ఆకాశం నీళ్లను కలిసే గీతను చూస్తూ కూర్చోమనండి. ఫోను చూడనివ్వకండి. పొద్దున్నే ఖాళీ కడుపుతో కాకుండా రెండు ఇడ్లీలు తినిపించండి, నూనె పులిహోర మాత్రం వద్దు.

కాకినాడ రేవు:
మాది వేటకు వెళ్లే కుటుంబం, ఇప్పుడు అలబామాలోని మొబిల్‌లో ఉంటున్నాను. మన మరబోటు మీద సరంగు అనే మనిషే ఇక్కడ కెప్టెన్, కళాసీయే మేట్. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట ఆపే పద్ధతి చూసి పెరిగినవాణ్ణి కనుక, ఇక్కడి కొలబద్దా లెక్కా నాకు వింతగా అనిపించలేదు. వింత అనిపించింది అరటిపండు. మా రేవులో గంగమ్మ తల్లికి కొబ్బరికాయ, అరటిపండ్లు పెట్టనిదే పడవ కదలదు. ఇక్కడ అరటిపండు పడవెక్కితే చేప పడదని నమ్మకం. నా సంచిలో అరడజను పండ్లు చూసి మేట్ నవ్వుతూనే వాటిని రేవు గట్టు మీద పెట్టి వచ్చాడు.

మీ బాబు బెదరకుండా ఇంకొకటి చెప్పి ఉంచండి. 100 అడుగుల కిందినుంచి లాగిన చేపకు లోపలి గాలి ఉబ్బి, కడుపు నోటిలోంచి గులాబీ బుడగలా బయటికి వస్తుంది. పరిమాణం చాలక వదిలేయాల్సిన చేపను అలాగే నీళ్లలో వేస్తే కిందికి దిగలేక తేలుతూ చస్తుంది. అందుకే మేట్ దాని కింది దవడకు పట్టకారులాంటి క్లిప్పు తగిలించి, బరువుతో లోతుకు దింపుతాడు. కింద ఒత్తిడికి బుడగ తగ్గి చేప విడిపోతుంది. మా పాప చేప పట్టడం కన్నా ఆ దింపడాన్నే ఎక్కువసేపు చూసింది.

రేవుకు వచ్చాక మేట్ చేపలను కోసి, ముళ్లు లేని ముక్కలు ఇచ్చి, తలలూ ఎముకలూ పెలికాన్లకు విసిరేస్తాడు. పులుసుకు తలలు కావాలని కత్తి పెట్టకముందే చెప్పండి. కింగ్ మాకెరెల్ పడితే అది మన వంజరానికి దగ్గరి బంధువు, అడ్డముక్కలుగా కోయమనండి. అయితే దానిలో పాదరసం ఎక్కువ. పిల్లలకూ గర్భిణులకూ అది వద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది, కాబట్టి మీ బాబుకు రెడ్ స్నాపరే పెట్టండి.

అట్లాంటా గృహిణి:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మ తానే పాపతో ఒడ్డున ఉంటానంది, ఆరుగురి లెక్క దాటే అవసరం లేకుండా పోయింది. ఉదయం ఆరు గంటలకు బయలుదేరే నాలుగు గంటల పడవ తీసుకుంటున్నాము. పట్టీ మాట వదిలేసి కంటి వైద్యుడికి ఫోన్ చేశాము. ఒక్క సందేహం: చేపలను అట్లాంటా దాకా, దాదాపు ఆరు గంటలు, ఎలా తేవాలి?

కాకినాడ రేవు:
ముక్కలను గాలి చొరని సంచుల్లో వేసి, పెద్ద కూలరులో కిందా పైనా పగలగొట్టిన ఐసు నింపండి. దారిలో ఒకచోట ఆగి, కరిగిన నీళ్లు వంపేసి కొత్త ఐసు వేయండి. చేప ఆ నీళ్లలో తేలకూడదు, నానితే ముక్క మెత్తబడుతుంది. తలలు వేరే సంచిలో పెట్టుకుని, ఇంటికి చేరిన రాత్రే పులుసు పెట్టేయండి.