“మానసం భావయే”: భావిస్తే చాలా?

మైత్రి గురించి బుద్ధుడు చెప్పిన మెత్తసుత్తంలోని ఈ పాళీ గాథ చూడండి.

“మాతా యథా నియం పుత్తం ఆయుసా ఏకపుత్తమనురక్ఖే
ఏవంపి సబ్బభూతేసు మానసం భావయే అపరిమాణం”

తల్లి తన ఒక్కగానొక్క కొడుకుని ప్రాణం పెట్టి కాపాడుకున్నట్టు, సకల ప్రాణుల పట్లా హద్దుల్లేని మనసు “భావించాలి” అని అర్థం చెప్పుకున్నాను. కానీ గిట్టనివాడి మీద ప్రేమ ఉందని భావించేసుకుంటే వచ్చేస్తుందా అండీ?

జవాబు 1:
తిరకాసంతా తెలుగు “భావన”తోనే. మనకది ఊహ, లేదంటే అభిప్రాయం. పాళీలో “భావేతి” అనేది భూ ధాతువుకి ప్రేరణార్థకం, అంటే ఉండేట్టు చేయడం, పెంపొందించడం. ధ్యానాన్ని కూడా వాళ్లు భావన అనే అంటారు. ఆ వాసన మన దగ్గర పూర్తిగా పోలేదు లెండి, చూర్ణంలో రసం పోసి నూరి, ఆరబెట్టి, మళ్లీ రసం పోసి నూరడాన్ని ఆయుర్వేదం వాళ్లు ఇప్పటికీ “భావన చేయడం” అంటారు.

అందుకే 5వ శతాబ్దంలో బౌద్ధ పండితుడు బుద్ధఘోసుడు రాసిన విసుద్ధిమగ్గం అనే గ్రంథంలో దీనికో వరస ఉంది. ముందు తనకి తాను మేలు కోరుకోవాలి, తర్వాత గురువులా గౌరవించే మనిషికి, ఆపైన ఆప్తమిత్రుడికి, ఏ సంబంధమూ లేనివాడికి, చిట్టచివర పగవాడికి. పగవాడితోనే మొదలుపెడితే కోపం లేస్తుంది, అక్కడితో ధ్యానం సరి!

జవాబు 2:
మరి తల్లి పోలిక ఎందుకు పెట్టినట్టు? తల్లికి తన బిడ్డ వేరు, ఊరి బిడ్డలు వేరు కదా.

జవాబు 1:
మంచి ప్రశ్న. నేను చదువుకున్నంతలో ఆ పోలిక కాపాడే తీవ్రతకే, ఎంతమందికి అన్నది “అపరిమాణం” చెప్తుంది. విసుద్ధిమగ్గంలోనే ఒక పరీక్ష ఉంది: మీరు, మీ ఇష్టుడు, ఒక తటస్థుడు, మీ శత్రువు కూర్చుని ఉండగా దొంగలొచ్చి బలివ్వడానికి ఒకర్ని ఇమ్మంటారు. శత్రువుని చూపిస్తే హద్దులు చెరగలేదని ఎవరైనా చెప్తారు. “వీళ్లని వదిలేసి నన్ను పట్టుకెళ్లండి” అన్నా చెరగనట్టేనట! త్యాగం అని మనం చప్పట్లు కొట్టే చోట ఆయన మార్కులు కోసేశాడు, ఎందుకంటే అలా అన్నవాడు తనని ఆ నలుగురి లెక్కలోంచి తీసేశాడు కాబట్టి. నలుగురిలో ఇవ్వదగినవాడు ఒక్కడూ కనపడనప్పుడే హద్దు చెరిగినట్టు.

జవాబు 3:
ఇదంతా మెత్త, అంటే మైత్రి, మేలు కోరడం. కరుణ వేరే, అది బాధ తీరాలని కోరడం. దానికి దూరపు శత్రువు, అంటే పూర్తి వ్యతిరేకం, హింస; దగ్గరి శత్రువు, అంటే దానిలాగే కనిపించి మోసం చేసేది, శోకం. ఎదుటివాడి కష్టానికి మనమూ కుంగిపోతే చూడ్డానికి అచ్చం కరుణలాగే ఉంటుంది, అందుకే దగ్గరి శత్రువు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడు అర్థమైంది. అయితే దీనికి పద్మాసనం వేసి కూర్చోవాల్సిందేనా?

జవాబు 1:
అక్కర్లేదండీ, ఆ కిందే ఉంది చూడండి, “తిట్ఠం చరం నిసిన్నో వా సయానో వా”. నిలబడినా నడిచినా కూర్చున్నా పడుకున్నా సరే, నిద్రమత్తు కమ్మనంతసేపూ చేసుకోవచ్చు.