ఉప్పుటేట్లో పండుగప్ప లూర్ (కృత్రిమ ఎర) కొడుతోంది, రెండు క్షణాల్లో వదిలేస్తోంది. లోపం ఎక్కడ?

టెక్కలి_గాలం:
కొర్రమీనుకి వాడే సెట్టే భావనపాడు ఉప్పుటేట్లో వేస్తున్నా. 7 అడుగుల మీడియం రాడ్, 3000 రీల్, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), చివర నేరుగా స్నాప్ (లూర్ తగిలించే క్లిప్), 9 సెంటీమీటర్ల మినో (చిన్న చేప ఆకారం లూర్). మడ చెట్ల వార దెబ్బ గట్టిగానే పడుతోంది, వెంటనే లైన్ వదులు. తీసి చూస్తే వెనక ట్రెబుల్ (మూడు కొనల గాలం) కొన తెరుచుకుని ఉంటోంది. ఒకసారి స్నాప్ పైన బ్రెయిడ్ తెగింది. డ్రాగ్ (చేప లాగితే రీల్ లైన్ వదిలే బిగింపు) బాగా బిగించే ఉంచా. స్టీల్ వైర్ కట్టమంటున్నారు, కట్టాలా?

వంశధార_మొగ:
ఆ బిగింపే మీ కొంప ముంచుతోంది. కొర్రమీనుని నాచులోంచి ఈడ్చాలి కాబట్టి బిగిస్తాం, పైగా కప్ప లూర్‌కి ఉండేది లావు గాలం. మినోతో వచ్చే ట్రెబుల్ సన్నతీగ. బ్రెయిడ్ సాగదు, చేప తల విదిలిస్తే కుదుపంతా ఆ తీగ మీదే.

స్ప్రింగ్ త్రాసు కొక్కేనికి లైన్ కట్టి, రాడ్ వంచి లాగండి. 2 నుంచి 2.5 కిలోల మధ్య రీల్ వదలాలి. 20 పౌండ్లంటే 9 కిలోలు, అందులో నాలుగో వంతన్నమాట. ట్రెబుల్స్ 4ఎక్స్ (లావు తీగ) రకం వేయండి, వాటిని లూర్‌కి తగిలించే స్ప్లిట్ రింగులూ మార్చండి. లేకపోతే ఈసారి రింగు తెరుచుకుంటుంది. బరువు పెరిగాక తేలే మినో మునిగిపోవచ్చు, బకెట్లో వేసి చూసుకోండి. బకెట్లో ఏటి నీళ్లే పోయండి, బోరు నీళ్లలో తేలుడు వేరు.

వైర్ వద్దు, లూర్ ఊపు చచ్చిపోతుంది. బ్రెయిడ్‌ని కోసింది కోరలు కావు. పండుగప్ప నోరు ఆకురాయిలా గరుకు, మొప్ప రేకు అంచు బ్లేడు. 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైన్ మీటరు ముక్క బ్రెయిడ్ చివర కడితే చాలు. రెండూ కలపడానికి ఎఫ్‌జీ ముడి, 18–20 చుట్లు, తడిపి బిగించండి. పొడిగా లాగితే రాపిడి వేడికి లైన్ బలహీనపడుతుంది.

బారువ_పోటు:
మడ వేళ్ల దగ్గర అసలు మినో ఎందుకన్నా? 4 అంగుళాల ప్యాడిల్ టెయిల్ (తోక ఊగే మెత్తని లూర్), 7 గ్రాముల జిగ్ హెడ్ (బరువు తలతో ఉండే ఒంటి గాలం) వేయండి. ఒంటి గాలమైతే విదిలించినా అంత తేలిగ్గా ఊడదు. పాటు (నీరు వెనక్కి తీయడం) మొదలయ్యాక పిల్లకాలువ నోటి దగ్గర నిలబడండి. కొయ్యంగ చేప పిల్లలూ రొయ్యలూ అక్కడికే కొట్టుకొస్తాయి. లూర్ ఎగువకి విసిరి, నీటి వాలులోనే దింపండి. ఎదురు లాగితే ఏ రొయ్యా అలా ఈదదు కదా. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకట్రెండు రోజులు పాటు జోరుగా ఉంటుంది, అష్టమికి నీరు నిద్రపోతుంది. పోటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి టైముకి వెళ్లకండి.

కాలువకి అడ్డంగా వల కట్టి ఉంటే దూరం జరగండి. లూర్ చిక్కుకుంటే లాగొద్దు, లైన్ కోసేయండి. లూర్ పోతే పోయింది, వల చిరిగితే ఎవరిదో ఆ రోజు సంపాదన.

టెక్కలి_గాలం:
త్రాసుతో చూశా, 5 కిలోలకి కూడా డ్రాగ్ కదల్లేదు! సరే, ఒడ్డుకొచ్చాక గాలం విప్పేదెలా?

వంశధార_మొగ:
మొప్పల్లో వేలు పెట్టొద్దు. లిప్ గ్రిప్‌తో కింది దవడ పట్టుకుని ప్లయర్‌తో విప్పండి. పెద్దదైతే వదిలేయండి: పండుగప్ప చిన్నప్పుడు మగ, పెరిగాక ఆడ అవుతుంది, గుడ్లు పెట్టేవి ఆ పెద్దవే. ఇంటికెళ్లాక లూర్లూ రీలూ మంచినీళ్లతో కడగండి. రీల్‌ని నీళ్లలో ముంచకండి, ఉప్పు లోపలికి పోతుంది.