షెట్లాండ్ బస్ బోట్ల ఇంజన్ సంగతేంటి?

ప్రశ్న: షెట్లాండ్ బస్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల నుంచి జర్మన్ల చేతిలో ఉన్న నార్వేకి రహస్యంగా నడిపిన బోట్లు కదా, మొదట్లో చేపల పడవలే వాడారు. 1943లో అమెరికా నార్వే నేవీకి ఇచ్చిన హిత్రా, హెస్సా, విగ్రా కూడా చెక్క బోట్లే కదా. చేపల పడవల కంటే ఏం మెరుగండీ?

జవాబు 1: వేగం. 110 అడుగుల సబ్‌మెరైన్ చేజర్లు, అంటే జలాంతర్గాముల్ని వేటాడే చిన్న యుద్ధనౌకలు. ఒక్కోదాంట్లో 1,200 హార్స్‌పవర్ జీఎం (జనరల్ మోటార్స్) డీజిల్ ఇంజన్లు రెండు. వేగం 20 నాట్లకు (గంటకు సుమారు 37 కి.మీ.) పైనే. చాలా చేపల పడవలు పది కూడా దాటేవి కావు. జర్మన్ విమానాల కంటపడకుండా చీకట్లోనే నార్వే తీరం నుంచి దూరంగా వచ్చేయాలి, తేడా అక్కడే. వందకు పైగా ట్రిప్పుల్లో ఒక్క బోటూ పోలేదు.

జవాబు 2: ఇంజనే వింత. క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) నిలువుగా ఉంటుంది, దాని చుట్టూ నాలుగేసి సిలిండర్లు, నాలుగు అంతస్తులు. ప్రొపెల్లర్ రెక్కల కోణం మార్చి వెనక్కి నడుపుతారు. చోటూ బరువూ కలిసొస్తాయి గానీ, అడుగు అంతస్తు రిపేరంటే మెకానిక్‌కి నరకమే.